ఒకరికి తూటా, ఒకరికి కాంట్రాక్టు

తెలంగాణ క్రీడాశాఖ పాలమూరు నాయకుల చేతికి రావడం ఇది మొదటిసారి కాదు. గత ప్రభుత్వంలో మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేగా ఉన్న వి.శ్రీనివాస్‌గౌడ్ ఆ శాఖ చూశారు. 2025 జూన్ నుంచి మక్తల్ ఎమ్మెల్యే వాకిటి శ్రీహరి చూస్తున్నారు. ముఖ్యమంత్రిదీ ఈ గడ్డే. అందుకని ఈ ప్రశ్న ఇక్కడి నుంచే వేస్తున్నాం. ఆటగాడి మీద గానీ, ఆట నేర్పే కోచ్ మీద గానీ కొట్టాడనో, చెయ్యి వేశాడనో, బలాత్కరించాడనో ఫిర్యాదు వస్తే కోర్టు తేల్చేదాకా ఆ మనిషిని ఏం చేయాలి? మైదానంలో ఉంచాలా, పక్కన కూర్చోబెట్టాలా? ఎవరు నిర్ణయించాలి, ఎన్ని రోజుల్లో? అందరికీ ఒకేలా వర్తించే పద్ధతి మన ఆటల సంఘాల్లో కనబడదు. కనబడేది ఒకటే లెక్క: నిందితుడు ఎంత పెద్దవాడు, అతని వల్ల ఎవరికెంత లాభం?

పెద్దవాళ్ల సంగతి ముందు చూద్దాం. 2018 మార్చిలో క్రికెటర్ మహ్మద్ షమీ తనను హింసించాడని అతని భార్య కోల్‌కతా పోలీసులకు ఫిర్యాదు చేశారు. దాంతోపాటు, ఒక విదేశీ మహిళ చేతుల మీదుగా డబ్బు పుచ్చుకున్నాడని కూడా అన్నారు. షమీ అన్నింటినీ కొట్టిపారేశాడు. బీసీసీఐ అతని కాంట్రాక్టును ఆపి, అవినీతి నిరోధక విభాగం అధిపతి నీరజ్ కుమార్‌ను విచారణకు పురమాయించింది. ఆయనకు అప్పగించిన పని మాత్రం ఒక్కటే, డబ్బు సంగతి తేల్చడం. ఫిక్సింగ్ ఏమీ లేదని ఆయన చెప్పగానే మార్చి 22న ఏడాదికి 3 కోట్ల రూపాయల బి గ్రేడ్ కాంట్రాక్టు చేతిలో పెట్టారు. ఆటను అమ్ముకున్నాడా అని బోర్డు అడిగింది. ఆడమనిషిని కొట్టాడా అని అడగలేదు.

అది కోర్టు పని అంటారు. సరే. 2019లో 498ఏ, 354ఏ సెక్షన్ల కింద చార్జిషీటు పడింది. అరెస్టు వారంటు వచ్చింది, దాని మీద స్టే వచ్చింది, ఆ స్టే సంగతి తేల్చమని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, సెప్టెంబర్‌లో బెయిల్ వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా ప్రపంచకప్‌లో షమీ 24 వికెట్లు తీసి అందరికంటే ముందు నిలిచాడు. 2024 జనవరిలో అర్జున అవార్డు అందుకున్నాడు. 2025 సీజన్‌కు మన సన్‌రైజర్స్ హైదరాబాద్ 10 కోట్లు పెట్టి కొనుక్కుంది. అదే ఏడాది జులైలో కలకత్తా హైకోర్టు భార్యకూ కూతురికీ కలిపి నెలకు 4 లక్షల భరణం కట్టమంది. భరణం కట్టమన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, ఆ తేడా మరవకూడదు. షమీ దోషి అని మేము అనడం లేదు. ఏమీ అడక్కుండానే బోర్డు అతన్ని నిర్దోషిగా ఎట్లా లెక్కగట్టుకుందన్నదే మా అభ్యంతరం.

ఇదే బోర్డుకు కోపం రాదని కాదు. 2019 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో ఆడవాళ్ల గురించి కూసిన కూతలకు హార్దిక్ పాండ్యాను, కేఎల్ రాహుల్‌ను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించింది. సస్పెండ్ చేసింది, తర్వాత తలా 20 లక్షలు కట్టించింది. చేసింది మంచిపనే. అయితే నోటిమాటకు ఉన్న శిక్షాస్మృతి, చేయి చేసుకున్నాడన్న ఫిర్యాదుకు లేకపోవడం ఏమిటి? టీవీలో అన్నమాట స్పాన్సర్ల చెవిన పడింది. ఇంట్లో పడ్డ దెబ్బ పడలేదు. ఇంతకన్నా మంచి కారణం మాకైతే తోచడం లేదు.

ఇక హోదా లేనివాళ్లు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ పక్కన తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ‘దిశ’ అని పిలుచుకున్న యువతి మీద జరిగిన అత్యాచార, హత్యల ఘోరాన్ని ఎవరూ మరిచిపోలేదు, మరవకూడదు కూడా. ఆమె దేహాన్ని తగలబెట్టింది షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద. పట్టుబడ్డ నలుగురూ మక్తల్ మండలం వాళ్లు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు. వాళ్లను ఉంచిన షాద్‌నగర్ స్టేషన్‌ను జనం ముట్టడించారు. మాకప్పగించండి, మేం చూసుకుంటాం అన్నారు. కోర్టుకు తీసుకుపోయే దారి లేక మేజిస్ట్రేటునే స్టేషన్‌కు పిలిపించారు. వాళ్ల తరఫున వకాల్తా వేయబోమని స్థానిక న్యాయవాదులు ప్రకటించారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లిలో నలుగురినీ కాల్చేశారు. పొద్దెక్కేసరికి వంతెన మీది నుంచి పోలీసుల మీద పూలవాన. శవాలు పాలమూరు ప్రభుత్వాసుపత్రి మార్చురీకి వచ్చాయి.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. పూలు తెచ్చిన జనం ఆ రోజు ఎక్కడా కనబడలేదు. ఆ నలుగురూ అమాయకులని మేము చెప్పడం లేదు. ఆ సంగతి తేల్చి చెప్పగలిగిన విచారణను మనమే లేకుండా చేసుకున్నాం.

విచారణలంటే ఏళ్లూ పూళ్లూ పడతాయని, అందుకే జనం విసిగారని అంటారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని హాజీపూర్ గుర్తుందా? 2019 ఏప్రిల్‌లో పాడుబడ్డ బావిలో బడిపిల్ల శవం బయటపడింది. తవ్వితే మరో ఇద్దరు ఆడపిల్లల హత్యలు తేలాయి. నల్లగొండలోని ప్రత్యేక కోర్టు సాక్షులను విని, నిందితుడికి వకీలును ఇచ్చి, 2020 ఫిబ్రవరి 6న మరణశిక్ష వేసింది. పది నెలలు కూడా పట్టలేదు. మరణశిక్ష మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. విచారణ అన్నది మన జిల్లా కోర్టుకు చేతనవుతుందనడానికి మాత్రం ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అదే చలికాలం చటాన్‌పల్లిలో జరిగింది విచారణ చేతగాక కాదు, అక్కర్లేదనుకుని.

దిశ కేసులోనే మరొక సంగతి ఉంది. పూలవానలో అది కొట్టుకుపోయింది. ఆ రాత్రి బిడ్డ కనబడటం లేదని కుటుంబం పోలీసుల దగ్గరికి పోతే, ఇది మా పరిధి కాదు ఆ స్టేషన్‌కు పొండి అని తిప్పారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. మొదటి గంటల్లో ఫిర్యాదు తీసుకోవడానికి తీరిక లేని వ్యవస్థే తొమ్మిదో రోజున తుపాకీతో తీర్పు చెప్పి మెప్పు పొందింది. క్రీడాసంఘాల తీరు కూడా దీనికి దూరమేమీ కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడు వినరు. రచ్చకెక్కాక ఎవరో ఒకరి మీద వేటు వేసి చేతులు దులుపుకుంటారు.

హకీంపేట క్రీడా పాఠశాలనే చూడండి. అక్కడికి మన జిల్లాల పిల్లలు ఎట్లా పోతారో తెలిసినవాళ్లకే దాని బరువు తెలుస్తుంది. మూడో తరగతి పాసైన పిల్లలను మండలంలో ఒకచోట చేర్చుతారు. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు. 30 మీటర్లు ఉరికిస్తారు, నిలబడ్డచోటి నుంచి దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు, చివరికి 800 మీటర్లు. అందులో నెగ్గితే జిల్లా, జిల్లాలో నెగ్గితే రాష్ట్రం. తల్లిదండ్రులు ముంబైకో పుణెకో మట్టిపనికి వలసపోయి, అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లకు ఆ సీటు దొరికిందంటే ఏళ్ల తరబడి తిండి, బట్ట, చదువు, పైన ఒక ఆశ. తొమ్మిదేళ్లకు హాస్టల్‌లో అడుగుపెట్టిన ఆ పిల్లకు కోచే తల్లీ తండ్రీ. ఎవరు జట్టులో ఉండాలో, ఎవరు టోర్నీకి పోవాలో, ఎవరు మూట సర్దుకుని ఊరికి పోవాలో చెప్పేది అక్కడి పెద్దలే. ఆ పెద్దల్లోనే ఒకరి మీద చెప్పుకోవాల్సి వస్తే, ఆ పిల్ల ఎవరికి చెప్పాలి?

2023 ఆగస్టులో ఆ పాఠశాల ప్రత్యేకాధికారి బాలికలను లైంగికంగా వేధించారన్న ఆరోపణలు పత్రికకెక్కాయి. ఎమ్మెల్సీ కవిత సోషల్ మీడియాలో చర్యలు కోరారు. అప్పుడు మంత్రి శ్రీనివాస్‌గౌడ్ ఆ అధికారిని సస్పెండ్ చేసి విచారణకు ఆదేశించారు. ఆ అధికారి ఆరోపణలను ఖండించారు. ఎవరిది నిజమో సంపాదకీయంలో తేల్చేది కాదు. వరస ఒక్కటి చూడండి: పేపరు, ట్వీటు, సస్పెన్షన్. పిల్ల, వార్డెన్, కమిటీ, పోలీసు అన్న వరస ఏమైనట్టు? ఆరోపణ నిజమైతే పేపర్లో పడేదాకా పిల్లలు ఒంటరిగా మోశారు. అబద్ధమైతే ఒక మనిషి పరువు సాయంత్రానికల్లా బజారున పడింది. రెండు రకాలుగానూ అన్యాయమే.

ఆర్నెల్లకే ఇదే వరస మళ్లీ నడిచింది. జట్టు బస్సులో అమ్మాయిల ముందే మద్యం తాగుతున్నాడంటూ హైదరాబాద్ మహిళల జట్టు కోచ్ వీడియో ఒకటి 2024 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ అతన్ని పక్కన పెట్టింది. ఫోన్‌లో చిత్రీకరించే ధైర్యం ఆ బస్సులో ఒకరికి ఉండబట్టి సరిపోయింది.

చట్టం లేక ఇట్లా జరుగుతోందనుకుంటే పొరపాటు. పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం పనిచోటు అంటే ఏమేమిటో చెబుతూ స్టేడియాన్ని, క్రీడాశిక్షణ కేంద్రాన్ని, పోటీలు జరిగే వేదికను పేరుపెట్టి చేర్చింది. నల్లగొండలోని మేకల అభినవ్ స్టేడియం, పాలమూరు జిల్లా స్టేడియం దాని కిందికే వస్తాయి. పదిమంది కన్నా తక్కువ పనివాళ్లున్న చోట్ల ఫిర్యాదులు వినడానికి జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. మైనర్ల విషయంలో పోక్సో చట్టం ఇంకా కఠినం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, సంస్థ పెద్ద దాచిపెడితే జైలుకు పోవాలి. ఇంత చట్టం ఉన్నా, మైదానం గోడ మీద దాత పేరు, ఎమ్మెల్యే పేరు, ప్రారంభోత్సవం తేదీ కనబడతాయే గానీ ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పే పేరు ఎక్కడుంది? కబడ్డీ ప్రాక్టీసుకొచ్చే పదిహేనేళ్ల పిల్లను అడిగి చూడండి.

ఈ జాడ్యం మన దగ్గరితో ఆగలేదు. దేశంలోని 30 జాతీయ క్రీడాసమాఖ్యల్లో 16 చోట్ల చట్టం చెప్పినట్టుగా ఫిర్యాదుల కమిటీ లేదని 2023 మే నెలలో ఒక ఆంగ్ల పత్రిక పరిశోధించి రాస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. ఆ నెలలోనే ఒలింపిక్ పతకాలు తెచ్చిన మల్లయోధులను ఢిల్లీ రోడ్డు మీద ఈడ్చి వ్యాన్లలో ఎక్కించారు. వాళ్ల సమాఖ్య అధ్యక్షుడు, ఎంపీ బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మీద ఎఫ్ఐఆర్ కట్టించడానికే సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. అతనూ ఆరోపణలు నిజం కాదనే అంటున్నాడు. 2024లో లోక్‌సభ టికెట్ అతనికి కాకుండా కొడుక్కి ఇచ్చారు, కొడుకు గెలిచాడు. ఆ మల్లయోధుల్లో ఒకరైన సాక్షి మలిక్ అంతకుముందే ఆట మానేసింది.

ప్రపంచంలో దీనికి వేరే దారి చూసినవాళ్లు లేకపోలేదు. ఆస్ట్రేలియా తూర్పు రాష్ట్రాల్లో రగ్బీ లీగ్ అంటే మన దగ్గర క్రికెట్‌కున్నంత పిచ్చి. ఆడవాళ్ల మీద హింస ఆరోపణలతో ఆటగాళ్లు వరసగా వార్తలకెక్కుతుంటే, 2019 ఫిబ్రవరి 28న అక్కడి లీగ్ సంస్థ ఎన్‌ఆర్‌ఎల్ ఒక నిబంధన పెట్టింది. పదకొండేళ్లు, ఆపైన శిక్షపడే నేరం మోపితే ఆ ఆటగాడు కేసు తేలేదాకా మ్యాచ్‌లు ఆడకూడదు. జీతం మాత్రం పూర్తిగా ఇస్తారు, ప్రాక్టీసుకు రానిస్తారు. అంతకన్నా చిన్న కేసుల్లో, అందునా ఆడవాళ్లు పిల్లల మీద హింస అయితే, సంస్థ ముఖ్యాధికారి నిర్ణయిస్తాడు. దోషి అన్న ముద్ర వేయరు. పక్కన కూర్చోబెడతారు, అంతే.

దాని మీద మొదట కోర్టుకెక్కింది జాక్ డి బెలిన్ అనే ఆటగాడు. అత్యాచారం కేసు, నేరం ఒప్పుకోలేదు. నిబంధన సక్రమమేనని ఫెడరల్ కోర్టు 2019 మే నెలలో చెప్పింది. తర్వాత రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక, 2021 మే నెలలో మిగిలిన ఆరోపణలను ఉపసంహరించారు. అతను మళ్లీ ఆడాడు. కానీ రెండు సీజన్లకు పైగా పోయాయి. ఆటగాడి బతుకులో రెండేళ్లంటే చిన్నది కాదు. శ్రీలంక క్రికెటర్ దనుష్క గుణతిలక 2022 నవంబర్‌లో సిడ్నీలో అరెస్టయి మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో నిర్దోషిగా బయటపడ్డాడు. నేపాల్ కెప్టెన్‌గా ఉన్న సందీప్ లామిఛానేకు కింది కోర్టు ఎనిమిదేళ్ల శిక్ష వేస్తే 2024 మే నెలలో పటన్ హైకోర్టు కొట్టేసింది. కాబట్టి తప్పుడు కేసుల మాటేమిటని అడిగేవాళ్లను మేము తప్పుపట్టం. వాళ్లడిగేదానికి జవాబు కూడా ఆ నిబంధనలోనే ఉంది. జీతం ఆపకపోవడం, ముద్ర వేయకపోవడం, గెలిస్తే తిరిగి జట్టులోకి రానివ్వడం.

ఆస్ట్రేలియా దాకా ఎందుకు? నల్లగొండ కలెక్టరేట్‌లో అటెండరు ఏదైనా కేసులో 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే రూల్స్ ప్రకారం సస్పెండైనట్టే. సర్కారు బడి పంతులుకైనా అంతే. జీతంలో కొంత జీవనభృతిగా ఇస్తారు. కేసు వీగిపోతే కొలువులోకి తీసుకుంటారు. దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. అటెండరుకు పనికొచ్చిన రూలు ఆల్‌రౌండర్‌కు ఎందుకు పనికిరాదు?

పైవాళ్లను చూసే కిందివాళ్లు నేర్చుకుంటారు. జాతరకో సంక్రాంతికో ఫ్లడ్‌లైట్లు కట్టి కబడ్డీ ఆడించే మన ఊళ్లలో నాలుగు రైడ్లకు పాయింట్లు తెచ్చే పిల్లగాడు చిన్నపాటి హీరో. అతని మీద ఒక ఇంటివాళ్లు చెప్పుకోవడానికి వచ్చారనుకోండి. స్టేషన్ కన్నా ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. ‘‘పోరడు ఆటల ముంగట ఉన్నడు, స్పోర్ట్స్ కోటాల కానిస్టేబుల్ వచ్చేటట్టున్నది. కేసైతే వెరిఫికేషన్ల పోతది, బతుకు ఖరాబైతది. అయ్యిందేదో అయ్యింది, ఇగ ఇడిసిపెట్టున్రి’’ అంటారు. ఎంతో కొంత ముట్టజెప్పి కాగితం రాయించుకుంటారు. ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటో కాదు. ఆ కాగితం చెల్లదని, అత్యాచారం, పోక్సో కేసులు రాజీకి లొంగవని అక్కడ కూర్చున్న వాళ్లలో ఒకరికైనా తెలిసే ఉంటుంది. ఆ పోరడి ఉద్యోగం గురించి అంతసేపు మాట్లాడినవాళ్లు, ఆ పిల్ల రేపటి నుంచి బడికెట్లా పోతుందని ఒక్క నిమిషం మాట్లాడరు. రాష్ట్ర కొలువుల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నది వాళ్ల చెమటకు విలువ కట్టడానికి. దాన్ని బాధితురాలి నోరు మూయించే బెదిరింపుగా వాడుకుంటున్నారు.

ప్రభుత్వం ఆటగాళ్లకు చాలా ఇస్తోంది, ఇవ్వాలి కూడా. సిరాజ్‌కు, నిఖత్ జరీన్‌కు 2024లో డీఎస్పీ ఉద్యోగాలిచ్చినప్పుడు ఈ జిల్లాల పిల్లలూ మురిసిపోయారు. 2025 ఆగస్టులో కొత్త స్పోర్ట్స్ పాలసీ వచ్చింది. అదే నెలలో పార్లమెంటు జాతీయ క్రీడాపాలన చట్టం చేసింది, ఆడవాళ్లకూ మైనర్లకూ ఆటలో భద్రత కల్పించే విధానం ఉండాలని అందులో రాసింది. ఢిల్లీ నుంచి నిబంధనలు దిగివచ్చేదాకా మంత్రి శ్రీహరి ఎదురుచూడాల్సిన పనిలేదు. సర్కారు గ్రాంటు, సర్కారు మైదానం, సర్కారు సర్టిఫికెట్ వాడుకునే ప్రతి సంఘానికీ ఆయన ఒక ఉత్తర్వుతో షరతు పెట్టవచ్చు. చార్జిషీటు పడిన తీవ్రమైన నేరంలో ఆటగాడైనా కోచైనా తీర్పు దాకా పోటీలకు, పిల్లలకు దూరంగా ఉండాలి, జీతం గానీ స్టైపెండ్ గానీ ఆగకూడదు. ఫిర్యాదు వినే కమిటీలో ఆ సంఘం మనిషి, ఆ బడి మనిషి ఉండకూడదు. హకీంపేటలో ఉన్న మక్తల్ పిల్ల తన కోచ్ ఫోన్ అడుక్కోకుండా మాట్లాడగలిగే నంబరు హాస్టల్ గోడమీద ఉండాలి. విచారణలో ఏం తేలిందో ఫిర్యాదు చేసినవాళ్లకూ, ఫిర్యాదుకు గురైనవాళ్లకూ రాతపూర్వకంగా చెప్పాలి. హైదరాబాద్ పేరు పెట్టుకుని ఉప్పల్‌లో ఆడే ఐపీఎల్ జట్టును కూడా, వేలంలో కొనే ముందు కేసుల వివరాలు చూసుకుంటారా లేదా అని అడగవచ్చు. అడిగితే పోయేదేమీ లేదు.

సీఎం కప్ మళ్లీ ఊళ్ల నుంచే మొదలవుతుంది. ఆడపిల్లలు వేల సంఖ్యలో పేర్లిస్తారు, తండ్రులు సంతకాలు పెడతారు, బస్సులెక్కి జిల్లా కేంద్రాలకు పోతారు, రాత్రిళ్లు బడుల్లో పడుకుంటారు. ఆ ఉత్తర్వు వాళ్లు బస్సెక్కకముందే రావాలి.